జామీను

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్ళు ఫోన్ చేసి, "నువ్వు వకీలు ఎట్లయినావో అది చెప్పప్పా, చాలు. పిల్లలకు పనికొస్తుంది" అన్నారు. ఎంతసేపు మాట్లాడాలంటే పదిహేను నిమిషాలన్నారు. కోర్టులో మాకు వాయిదాలు అడగడం అలవాటు. ఇక్కడ ఆ వీలు లేదు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

నేను క్రిమినల్ కేసుల్లో ముద్దాయిల తరఫున వాదిస్తాను. 1998 నుంచీ అదే పని. పెళ్ళిళ్ళలో నన్ను పరిచయం చేసేటప్పుడు మా బంధువులు "లాయరు" అని ఊరుకుంటారు. ఏం కేసులని ఎవరైనా అడిగితే మాట మారుస్తారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. "తప్పు చేసినోడి పక్క ఎట్లా నిలబడతావు?" అనే ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. వాళ్ళలో మన సోషల్ సారు కూడా ఉన్నారు. ఆయనకు ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ వేదిక మీద చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మా బ్యాచీ వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. తొమ్మిదో తరగతిలో సారు మమ్మల్ని సైకిళ్ళ మీద గుత్తికి తీసుకుపోయారు. కోట చూపిస్తారనుకుని పోతే, ముందు ఒక రాయి దగ్గర ఆపారు. దాని మీద ఉన్న ఇంగ్లీషు మాకు అర్థం కాలేదు. సారే చదివి చెప్పారు. అది గూళపాళెం హంపన్న జ్ఞాపకార్థం నిలబెట్టిన రాయి.

హంపన్న గుంతకల్లు దగ్గర రైల్వే గేట్‌మన్. 1893 అక్టోబరు 4న బ్రిటిష్ సోల్జర్లు ఇద్దరు ఆడవాళ్ళ వెంటపడ్డారు. వాళ్ళు పరుగెత్తుకొచ్చి గేటు దగ్గర హంపన్న గదిలో దూరారు. ఆయన అడ్డం నిలబడ్డాడు. తుపాకీతో కాల్చారు. ఆ గాయంతోనే ప్రాణం పోయింది. నిందితుడైన సోల్జరు మీద మద్రాసు హైకోర్టులో విచారణ జరిగింది. జూరీ అతను నిర్దోషి అన్నది. అతను ఇంటికి పోయాడు.

అది విని మా క్లాసులో ఒకడు, "ఆ సోల్జరు పక్క వాదించిన లాయరును ఏం చేయాల సార్?" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. అంటే ఈ బడిలో నేను ముద్దాయి వకీలు మీద కోపంతోనే చదువుకున్నాను.

1990లో పదో తరగతి అయింది. గుత్తిలో ఇంటర్ చేశాను. 1992లో మా నాయనను పోలీసులు తీసుకుపోయారు.

ఆ రోజుల్లో మా పల్లెల్లో రెండు వర్గాలు. ఒక సాయంత్రం బస్టాండు దగ్గర బాంబులు వేసుకున్నారు. ఒకతనికి గాయాలయ్యాయి. ఫిర్యాదులో 11 పేర్లు. నాయనది తొమ్మిదో పేరు. ఆ టైములో నాయన పొలంలో గుంటక తోలుతున్నాడు. ఆ గుంటక వెనకాల ఉన్నది నేనే. గట్టు తగాదా ఉన్నాయన ఒకరు ఆ పేరు కూడా రాయించారని తర్వాత తెలిసింది.

ఇది మా జిల్లాలో కొత్త సంగతి కాదు. ఐదుగురు, అంతకు మించిన మంది ఒక నేరం కోసం గుమిగూడితే, ఒకడు చేసిన పనికి అందరూ బాధ్యులే అని చట్టం. పాత ఐపీసీలో అది 149వ సెక్షన్. అది అవసరమైన సెక్షనే. కానీ పాత కక్ష ఉన్నచోట ఇంకో పేరు చేర్చడానికి ఖర్చు లేదు. గుంపు కేసుల్లో సాక్ష్యాన్ని జాగ్రత్తగా జల్లెడ పట్టాలని మసాల్తీ కేసులో సుప్రీంకోర్టు 1964లోనే చెప్పింది. నాయనకు సుప్రీంకోర్టు సంగతి తెలియదు. నాకూ తెలియదు.

కొన్నాళ్ళకు బెయిలు వచ్చింది. అయినా నాయన బయటికి రాలేదు. ఇద్దరు జామీనుదార్లు కావాలి, ఒక్కొక్కరూ ఆస్తి చూపించాలి అన్నారు. మన నేల సంగతి మీకు తెలుసు. ఎకరాలకేం కొదవ లేదు, వానే లేదు. పాసుపుస్తకం ఉన్నవాళ్ళందరివీ వేరుశనగ పంట అప్పు కింద బ్యాంకులో ఉన్నాయి. ఇంట్లో పుస్తకం పెట్టుకున్నవాళ్ళు ఊళ్ళో ముగ్గురో నలుగురో. వాళ్ళు ఈ వర్గమో ఆ వర్గమో. వాళ్ళ పుస్తకం మీద బయటికొస్తే నాయన జీవితాంతం వాళ్ళ మనిషి అవుతాడు. సబ్‌జైలు కటకటాల దగ్గర నాయన నాతో అన్నది ఒకటే మాట: "వాళ్ళ జామీను మాత్రం వద్దు నాయనా. లోపలే ఉంటా."

అట్లా 62 రోజులు. ఆ ఏడు శెనక్కాయలు అమ్మా నేనూ పీకినాం.

63వ రోజు సోషల్ సారు, డ్రిల్ సారును వెంటబెట్టుకుని కోర్టుకు వచ్చారు. ఇద్దరి చేతుల్లో జీతం సర్టిఫికెట్లు. ఆయనను ఎవరూ అడగలేదు. నేను అడగడానికి కూడా ధైర్యం చేయలేదు. బయటికొచ్చాక రెండు వర్గాల వాళ్ళూ ఆయన్ను నిలదీశారని తర్వాత విన్నాను. ఆ సంగతి ఆయన ఇంతవరకూ నాతో అనలేదు. నాయన కేసు 1997లో కొట్టేశారు. తొమ్మిదో ముద్దాయి అక్కడున్నట్టు ఒక్క సాక్షీ చెప్పలేదు.

నేను వకీలు కావడానికి కారణం ఇదే. అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో బి.ఏ., కృష్ణదేవరాయ యూనివర్సిటీలో లా చదివాను. మోతీరాం కేసు గురించి లా కాలేజీలోనే మొదటిసారి చదివాను. ఒక తాపీమేస్త్రీకి పది వేల రూపాయల జామీను అడిగి, పైగా అతని సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోకపోతే, అది అన్యాయమని 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. లైబ్రరీలో ఆ పేజీ మీద తల పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ తీర్పు వచ్చిన 14 ఏళ్ళకు మా నాయన 62 రోజులు లోపల ఉన్నాడు. చట్టం పుస్తకంలో ఉంటే చాలదు, దాన్ని ఆ రోజు ఆ కోర్టు దాకా మోసుకుపోయే మనిషి కావాలి అని అప్పుడర్థమైంది.

జూనియర్‌గా మొదటి మూడేళ్ళు కట్టలు మోయడం, నకళ్ళకు దరఖాస్తు చేయడం, బెంచీ మీద నిద్ర ఆపుకోవడం. డబ్బులు లేవు. అమ్మ బస్సులో పంపే శెనక్కాయల మూటే ఆధారం. మా సీనియర్ నేర్పిన మొదటి పాఠం పిల్లలకు చెబుతాను. "ఎఫ్ఐఆర్‌లో ఏం రాశారో తర్వాత చూడు. అది మేజిస్ట్రేటు చేతికి ఎన్ని గంటలకు అందిందో ముందు చూడు" అనేవారు. పొద్దున జరిగిన గొడవకు ఎఫ్ఐఆర్ రాత్రి దాకా కోర్టుకు చేరకపోతే, ఆ మధ్య గంటల్లో ఏ పేర్లు చేరాయో అడగాలి. నాయన పేరు అట్లాంటి గంటల్లోనే చేరింది.

మన జిల్లావాడైన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి మనవడు బాలగోపాల్ లెక్కల్లో డాక్టరేటు చేసి, యూనివర్సిటీలో పాఠం చెప్పి, నలభై దాటాక నల్లకోటు వేసుకున్నారు. 2009లో పోయేదాకా పేదవాళ్ళ కేసులు చూశారు. తరిమెల నాగిరెడ్డి కుట్ర కేసులో ముద్దాయిగా కోర్టుకు ఇచ్చిన వాఙ్మూలం 'తాకట్టులో భారతదేశం' అనే పుస్తకమైంది. ముద్దాయి నోరు తెరవడానికి కోర్టులో చోటుండాలి అనేది మన నేలకు కొత్త కాదు.

ఇక కష్టమైన మాట.

కొన్నేళ్ళ కింద ఒక హత్య కేసులో ముద్దాయికి వాదించాను. బోరుబావి దగ్గర తగాదా. చనిపోయినతని భార్య మన బడిలోనే నాకంటే రెండేళ్ళు వెనక చదివింది. పేరూ ఊరూ చెప్పను. ఈ మాత్రం చెప్పడానికి ఆమె ఒప్పుకుంది. ఆ కేసులో కొడవలి పట్టుకున్నట్టు మహజరు రాశారు. దాని మీద సంతకం చేసిన సాక్షి అదే రోజు, అదే గంటకు, వేరే ఊళ్ళో ఉపాధి హామీ పనిలో ఉన్నట్టు మస్టరు చెబుతోంది. ఆ పథకం 2006 ఫిబ్రవరిలో మన జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది కదా, మస్టరు అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ కాగితం కోర్టు ముందు పెట్టాను. చూసిన సాక్షులు ఇద్దరూ మాట మార్చారు. కేసు కొట్టేశారు.

నా కక్షిదారు ఆ పని చేశాడా లేదా అని నన్ను అడగవద్దు. అడిగినా చెప్పను, చెప్పకూడదు. కోర్టు బయట చింతచెట్టు కింద ఆమె నిలబడి ఉంది. "నువ్వు కూడానా అన్నా?" అన్నది. నేను తల దించుకుని కారెక్కాను.

ఆ వారమే సారు మా ఇంటికి వచ్చారు. మజ్జిగ ఇచ్చినా తాగలేదు. "ఆ పొద్దు నేను జామీనుకు నిలబడింది ఇందుకేనా?" అన్నారు. హంపన్న రాయి దగ్గర మేము కొట్టిన చప్పట్లు గుర్తొచ్చాయి.

సార్, ఇన్నేళ్ళు ఆలోచించి చెబుతున్న జవాబు ఇది. హంపన్న కేసులో అన్యాయం ఆ సోల్జరుకు వకీలు ఉండటంలో లేదు. యూరోపియన్ ముద్దాయి కోరితే జూరీలో కనీసం సగం మంది యూరోపియన్లో అమెరికన్లో ఉండాలని అప్పటి చట్టం. అన్యాయం అక్కడుంది. అవతలి పక్క హంపన్న కోసం, ఆ ఇద్దరు ఆడవాళ్ళ కోసం గట్టిగా అడిగినది గుత్తి ప్లీడరు పట్టు కేశవపిళ్ళె. ఆయన 1885లో బొంబాయిలో మొదటి కాంగ్రెసుకు పోయినవాడు. హంపన్న సంగతి 'ది హిందూ' పత్రికకు రాసి లోకానికి తెలియజేశాడు. ఆయన కూడా వకీలే సార్.

నా కేసులోనూ అంతే. తప్పుడు మహజరును నేను బయటపెట్టకపోయి ఉంటే, రేపు ఇంకో తొమ్మిదో పేరు మీద అదే సంతకం పడేది. ఆ పని చేసినందుకు నేను క్షమాపణ చెప్పను. నన్ను నిద్రపోనివ్వనిది వేరే ఉంది. 2009 చివరి నుంచి, ముద్దాయిని విడిచిపెడితే బాధితులే స్వయంగా అప్పీలు చేసుకోవచ్చు. ప్రభుత్వ వకీలుకు తోడుగా సొంత వకీలును పెట్టుకోవచ్చు. ఆ మాట ఆమెకు చెప్పే మనిషి ఆ రోజు కోర్టు ఆవరణలో ఒక్కరు లేరు. నేను చెప్పడానికి లేదు, నేను అవతలి పక్షం. ఆమెకు తెలిసేసరికి ఏళ్ళు గడిచిపోయాయి. దర్యాప్తు సరిగ్గా చేసి ఉంటే, ఆమె పక్కన ఒక మనిషి ఉండి ఉంటే, తీర్పు ఏదైనా ఆమె చెట్టు కింద ఒంటరిగా నిలబడేది కాదు. మా నాయన పక్కనా అట్లాంటి మనిషి లేడు, ఆమె పక్కనా లేడు. నేను ఒక పక్క నిలబడ్డాను. రెండో పక్క ఖాళీగా ఉంది.

కాబట్టి పిల్లలకు రెండు మాటలు, సంఘానికి ఒకటి.

అరెస్టయిన మనిషికి తనకు నచ్చిన వకీలును సంప్రదించే హక్కు రాజ్యాంగం 22వ అధికరణంలో ఉంది. ఎవరి దగ్గరికి పోవాలో తెలియకపోతే 15100కు ఫోన్ చేయండి, అది న్యాయ సేవాధికార సంస్థ నంబరు. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్ళకు ఉచితంగా వకీలును ఇస్తారు. వరద, భూకంపం బాధితులతో పాటు ఆ జాబితాలో ఇంకో పేరుంది: కరువు. ఆ మాట మొదటిసారి చదివినప్పుడు, ఈ చట్టం రాసినాయన మన ఊరు చూసే ఉంటాడనుకున్నాను.

రెండోది, లా చదవాలనుకునేవాళ్ళకు. మొదటి ఐదేళ్ళు ఆకలి ఉంటుంది. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను తిట్టవద్దు. ముద్దాయి పక్కే నిలబడమని కూడా చెప్పను. ఖాళీగా ఉన్న పక్క నిలబడండి.

సంఘానికి నా విన్నపం. ఈ బడిలో చదివి వకీళ్ళయినవాళ్ళం ఉన్నాం. నెలకొక ఆదివారం ఇక్కడే ఒక గది ఇప్పించండి. కాగితాలు చదివించుకోవాలనుకునేవాళ్ళు ఎవరైనా రావచ్చు, ఏ వర్గమైనా సరే. ఫీజు లేదు. మొదటి ఆదివారం నేను కూర్చుంటాను. ఆమెకు కూడా కబురు చేశాను. వస్తానని చెప్పలేదు, రానని కూడా చెప్పలేదు.

సోషల్ సారు ముందు వరుసలోనే ఉన్నారు. నా జవాబు ఆయనకు నచ్చిందో లేదో ముఖం చూస్తే తెలియడం లేదు. బడిలో ఉన్నప్పుడూ తెలిసేది కాదు, పేపర్లు దిద్ది ఇచ్చేదాకా ఆగాల్సిందే. సార్, ఆ పొద్దు మీరు తాగని మజ్జిగ బాకీ ఉంది. సభ అయ్యాక మా ఇంటికి రండి.