గుంట జాగంత ఇల్లు

(మొగుడంపల్లిలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఆస్తి హక్కు గురించి మాట్లాడమన్నారు. 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన వారసత్వ చట్ట సవరణ, 2005లో కేంద్రం తెచ్చిన సవరణ, వీటి మీద నోట్సు రాసుకుని వచ్చాను. పొద్దున టీ తాగుతుంటే పక్కన కూర్చున్న ఒక అక్క ఆ నోట్సును సంచిలోకి పంపించేసింది. ఆమె అన్నదిది:

"మేడమ్, మా బిడ్డ, అల్లుడు పటాన్‌చెరు దిక్కు ఫ్లాటు తీసుకుంటున్రు. బిడ్డ పేరు మీదనే. పదకొండు వందల ఫీట్లంట. గుంట జాగంత అయితదని అల్లుడు చెప్పిండు. గుంటంటే నాకెరుకే గదా. పోయి చూసిన. ఆ ఇంట్ల గుంట ఏడున్నది?"

గుంట అంటే 121 చదరపు గజాలు. అడుగుల్లో 1,089. అల్లుడి లెక్క తప్పు కాదు. పొలంలో గుంటలు చూసి చూసి ఉన్న ఆ అక్క కన్ను కూడా తప్పు కాదు. మరి మధ్యలో జాగా ఎటు పోయింది? ఈరోజు దీని గురించే మాట్లాడతాను.

ముందు మీకు తెలిసిన ఇల్లే తీసుకుందాం. ఇందిరమ్మ ఇల్లు. 2024లో మొదలైన ఈ పథకంలో ఇంటికి 5 లక్షలు, మంజూరు మహిళ పేరు మీద. 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు అన్నారు. బయటి నుంచి 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పుతో ముగ్గు పోస్తే 400 వస్తుంది. దీన్ని ప్లింత్ ఏరియా అంటారు, గోడలతో కలిపిన కొలత. తొమ్మిది అంగుళాల గోడ నాలుగు వైపులా లేచాక లోపల పద్దెనిమిదిన్నర అడుగులకు పద్దెనిమిదిన్నర మిగులుతుంది, అంటే 342 అడుగులు. మధ్యలో గదుల గోడలు ఇంకా లెక్కలోకి రాలేదు. 2015లో మొదలైన డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల 560 అడుగులూ ప్లింత్ కొలతే. ఇందులో మోసమేమీ లేదు, గోడ లేకుండా ఇల్లుండదు. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారో తెలిస్తే చాలు.

అపార్ట్‌మెంటులో మరో కొలత వచ్చి చేరుతుంది. ప్లింత్ మీద మెట్లు, లిఫ్టు, వరండాలు, వాచ్‌మన్ గది, క్లబ్ హౌస్ అన్నిటిలో మన వాటా అంటూ కొంత కలిపి సూపర్ బిల్టప్ అంటారు. ఎంత కలపాలో ఒక నియమం లేదు. ఒకరు 20 శాతం, ఇంకొకరు 35 శాతం వేస్తారు. బ్రోచర్లో పెద్ద అక్షరాల్లో కనిపించే అంకె ఇదే.

నా సంగతి చెబుతాను. 2014లో నేనూ ఒక ఫ్లాటు కొన్నాను. బిల్డరు పేరు ఇక్కడ అక్కర్లేదు. 1,100 అడుగులు, అడుగు 3,000 చొప్పున 33 లక్షలు. సోషియాలజీలో డాక్టరేట్ ఉంది, ఇంటిచాకిరి మీద పత్రాలు రాశాను. కానీ ఆ 1,100 దేని కొలత అని ఒక్కసారీ అడగలేదు. మాటలన్నీ మా అన్నయ్యా, బిల్డరూ మాట్లాడుకున్నారు. నేను చూపించిన చోట సంతకాలు పెట్టాను.

చేరిన రెండో ఏడు ఒక సెలవు రోజున టేపు పట్టుకున్నాను. హాలు 198. భోజనాల చోటు 100. పడక గదులు 132, 110. వంటగది 64. బాత్‌రూములు రెండూ కలిపి 60. నడవా 36. మొత్తం 700. లోపలి గోడలు కలిపితే 740. బాల్కనీ, గిన్నెలు తోముకునే చోటు, బయటి గోడలు కలుపుకుంటే 870. మిగతా 230 నా ఇంటి తలుపు అవతల ఎక్కడో ఉంది. 33 లక్షలను 740తో భాగిస్తే అడుగు 4,459 రూపాయలు పడింది. నాకు చెప్పింది 3,000.

ఆ 230లో వాచ్‌మన్ గది కూడా ఉంది. అందరి దగ్గరా డబ్బు వసూలు చేసిన ఆ గది పది అడుగులకు ఎనిమిది. అందులో నలుగురు ఉండేవారు. ఆ ఇల్లాలు మా అందరి ఇళ్లలో గిన్నెలు తోమేది. ఆమె ఉండే చోటును ఎవరి చదరపు అడుగుల్లో రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

వంటగది 64 అడుగులు అన్నాను. ఇంట్లో ఆడవాళ్లు ఎక్కువసేపు నిలబడే చోటు అది. ప్లాను మీద అందరూ హాలు చూస్తారు, సోఫా ఎక్కడ వేయాలో చూస్తారు. గ్యాస్ బండ ఎక్కడ పెట్టాలి, బియ్యం బస్తా ఎక్కడ, తడి బట్టలు ఎక్కడ ఆరేయాలి అని చూడరు. చూసేవాళ్లను అడగరు.

ఇప్పుడు చట్టం సంగతి. 2016లో పార్లమెంటు రెరా చట్టం చేసింది. 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది, అదే ఏడు తెలంగాణ నియమాలు చేసుకుంది. ఇందులో కార్పెట్ ఏరియాకు నిర్వచనం రాశారు. తివాచీ అనుకోండి, చాప అనుకోండి, తలుపు లోపల పరచుకోగలిగిన నేల. లోపలి అడ్డుగోడలు లెక్కలోకి వస్తాయి. బయటి గోడలు, పైపుల గొట్టాల సందులు, మనకే చెందిన బాల్కనీ, వరండా, మిద్దె రావు. గిన్నెలు తోమే చోటును చాలా ప్లానుల్లో బాల్కనీ కింద చూపిస్తారు కాబట్టి దాన్ని విడిగా అడగండి. బిల్డరు ఫ్లాట్ల కార్పెట్ ఏరియా ఎంతో, బాల్కనీ ఎంతో రెరాకు రాసివ్వాలి. అగ్రిమెంటు రాసి రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు.

ఇవి ఉన్నా అమ్మకం మాటలు మాత్రం ఇంకా ఆ పెద్ద అంకెతోనే నడుస్తున్నాయి. పైగా చట్టానికి చిల్లులున్నాయి. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 598 గజాలు, దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చిన్న ఊళ్లలో కట్టే చిన్న అపార్ట్‌మెంట్లు చాలా వరకు ఇందులోకే వస్తాయి. అక్కడ మన టేపే మనకు దిక్కు.

ఇంకో కొలత గజాల్లో ఉంటుంది. అపార్ట్‌మెంటు నిలబడ్డ నేలలో మన అవిభాజ్య వాటా. నా దస్తావేజులో 42 గజాలు. గుంటలో మూడో వంతు పైచిలుకు. ఏ నలభై ఏళ్లకో కట్టడం పాతబడితే మిగిలేది అదే. భూమి అమ్మి ఫ్లాటు కొనే కుటుంబాల్లో ఈ అంకెను ముందుగా అడగాల్సింది ఆడవాళ్లు. నిమ్జ్ కోసం ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లో పొలాలు పోయినవాళ్ల ముందుకూ ఇలాంటి బ్రోచర్లు రావచ్చు.

పేరు మన మీద ఉంటే చాలదా అని అడుగుతారు. మన పేరు మీద ఎందుకు పెడుతున్నారో కూడా చూడాలి. కొన్ని బ్యాంకులు మహిళ పేరుంటే వడ్డీలో కాస్త తగ్గిస్తాయి. అప్పు మన పేరునే ఉంటుంది, వాయిదా తప్పితే నోటీసూ మన పేరుకే వస్తుంది. అంకె మాత్రం మరొకరి నోట వింటాం. నేను అలాగే విన్నాను.

అక్కా, మీ బిడ్డ ఫోనులో పంపిన ప్లాను చూశాను. గదుల కొలతలు ఉన్నాయి, కార్పెట్ ఏరియా ఎక్కడా రాయలేదు. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదన్నారు, మంచిది. అగ్రిమెంటులో కార్పెట్, బాల్కనీ, నేలలో వాటా మూడూ విడివిడిగా రాయమని బిడ్డనే అడగమనండి. ఇందిరమ్మ ఇళ్లకు ముగ్గు పోయించుకున్నవాళ్లు ఇక్కడ నలుగురైదుగురు ఉన్నారు. టేపు నా సంచిలో ఉంది. భోజనాలయ్యాక ఈ హాలు ముందున్న ఖాళీలో ఆ ఫ్లాటుకు ఉన్నదున్నట్టు ముగ్గు పోద్దాం. వంటగదితో మొదలుపెడదాం.