వీసా రాని ఏడాది

మిత్రులారా, విందుకు ముందు ఆటల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. గెలుపు కథలు పొద్దున్నుంచీ వింటూనే ఉన్నాం. నేనొక నష్టం లెక్క చెబుతాను.

కాంగ్ జుంగ్ హో కొరియా బేస్‌బాల్ ఆటగాడు. 2015లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు అతన్ని నాలుగేళ్లకు 1.1 కోట్ల డాలర్లిచ్చి తీసుకుంది. 2016లో 21 హోమ్‌రన్లు కొట్టాడు. మన భాషలో సిక్సర్లనుకోండి. ఆ డిసెంబరులో సియోల్‌లో తాగి కారు నడిపి, రోడ్డు పక్క రెయిలింగును గుద్దాడు. పక్కనున్న మిత్రుడు, నడిపింది తనేనని పోలీసులకు చెప్పాడు. కారులోని కెమెరా నిజం బయటపెట్టింది. అదే స్నేహమనుకునేవాళ్లు మనలోనూ ఉన్నారు. ఒకప్పుడు నేనూ అనుకున్నాను. 2009లో, 2011లో కూడా ఇలాగే పట్టుబడ్డాడని అప్పుడే జనానికి తెలిసింది.

ప్రాసిక్యూటర్లు అడిగింది కోటిన్నర వాన్ల జరిమానా. డాలర్లలో పదమూడు వేల చిల్లర, అతనికి లెక్కలోది కాదు. కోర్టు అంతటితో వదల్లేదు. ఎనిమిది నెలల జైలు వేసి, రెండేళ్లపాటు అమలు నిలిపింది. జైలు తప్పింది, వీసా మాత్రం రాలేదు. దాంతో 2017 సీజనంతా పోయింది, 27.5 లక్షల డాలర్ల జీతంతో సహా.

2018 చివర్లో మూడంటే మూడు ఆటలు. మునుపటి చేతివాటం తిరిగి రాలేదు; 2019 ఆగస్టులో జట్టు వదిలేసింది. స్వదేశంలో ఆడదామనుకుంటే జనం ఒప్పుకోలేదు, తనే తప్పుకున్నాడు. 2022లో పాత క్లబ్బు మళ్లీ పిలిచింది. ఆ ఒప్పందాన్ని లీగ్ ఆమోదించలేదు.