టీవీలో మన తండా: సంతోషం, వెలితి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా పత్తికొండలో జరిగిన సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రోజు మేం మాట్లాడవలసిన అంశం ‘టీవీలో గిరిజనులు’. పట్టాలు, కుల ధ్రువీకరణ పత్రాలు, హాస్టళ్లు, ఇన్ని సమస్యలు పెట్టుకొని టీవీ గురించి ఎందుకని కొందరు పెద్దలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అయితే బడిలో మన బిడ్డ పక్కన కూర్చునే పిల్లవాడికి సుగాలీలంటే ఎవరో తెలిసేది ఎక్కడ? వాడు ఎప్పుడూ తండాకు రాలేదు. వాడికి తెలిసింది టీవీలో చూసిందే. ఆ చూసిన దాన్ని బట్టే మన బిడ్డను పిలుస్తాడు, నవ్వుతాడు, స్నేహం చేస్తాడు. అందుకే ఇది చిన్న విషయం కాదు.

మొదట సంతోషం గురించి చెప్పుకుందాం. వీ6 చానెల్‌లో ‘తీన్మార్’ వార్తలు మనలో చాలామంది చూసినవే. అందులో ‘మాటకారి మంగ్లీ’గా వచ్చిన అమ్మాయి మన పొరుగున ఉన్న గుత్తి మండలం బసినేపల్లి తండా ఆడబిడ్డ. అసలు పేరు సత్యవతి. తిరుపతిలో కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు. ఆ కార్యక్రమంతో పేరు తెచ్చుకొని, తర్వాత ‘రాములో రాములా’, ‘సారంగదరియా’ పాటలతో తెలుగువాళ్లందరికీ తెలిశారు. ఆమె చెల్లెలు ఇంద్రావతి చౌహాన్ 2021లో ‘పుష్ప’ సినిమాలో ‘ఊ అంటావా’ పాట పాడారు.

ఇందులో మనకు సంతోషం ఎందుకో కొంచెం విడమరిచి చెప్పాలి. మంగ్లీ అనేది మన అవ్వల పేరు. సోమవారం పుడితే సోమ్లీ, మంగళవారం పుడితే మంగ్లీ. బడిలో చేర్చేటప్పుడు ఇలాంటి పేర్లు బాగుండవని మార్పించుకున్న ఇళ్లు మన తండాల్లో ఎన్నో. అలాంటి పేరు టీవీలో గర్వంగా వినబడింది. పైగా ఆ పాత్ర పేరు ‘మాటకారి’. పనిమనిషి కాదు, దొంగ కాదు, ఎవరో ఆటపట్టిస్తే తలవంచుకునే మనిషి కాదు. ఎదురు ప్రశ్న వేసే మనిషి. తెలుగు టీవీలో తండా పేరుతో వచ్చిన ఆడమనిషికి అంతకు ముందు అలాంటి నోరు ఎవరిచ్చారు?

ఇక వెలితి. తీన్మార్ భాష తెలంగాణ భాష. అది తప్పు కాదు. ఒకప్పుడు సినిమాల్లో విలన్లకూ హాస్యగాళ్లకూ మాత్రమే అంటగట్టిన యాసను వార్తలు చదివే భాషగా నిలబెట్టిన కార్యక్రమం అది. దానికి మేం దండం పెడతాం. కానీ మన సీమ తండా బిడ్డ పైకి రావాలంటే మన సీమ మాటను, మన గోర్ బోలీని రెంటినీ గడప అవతల పెట్టి పోవలసి వచ్చింది కదా! ఆమె గొంతు ఇంటింటికీ చేరింది. మన మాట చేరలేదు. ఈ వెలితి ఆమె చేసిన లోపం కాదు. తెరమీద మనకు ఇచ్చిన చోటు అంతే.

పత్తికొండ సుగాలీకి ఇందులో రెండు కష్టాలున్నాయి. సీమవాడంటే తెరమీద బాంబు, వేటకొడవలి, తెల్ల సుమో. లంబాడీ అంటే అద్దాల లంగా, ఒక గంతు, ఒక పాట. ఇంట్లో తాళం వేసి, ముసలివాళ్ల దగ్గర పిల్లలను వదిలి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి పోయే మనిషి ఈ రెండు బొమ్మల్లోనూ లేడు. టమాటా గంపతో తెల్లవారుజామున పత్తికొండ మార్కెట్‌లో నిలబడే యాడీ కూడా లేదు.

ఆ దుస్తుల సంగతే చూడండి. మన ఆడవాళ్ల పేట్యా, కాచళి, టుక్రి అద్దెకు తెచ్చే డ్రెస్సు కాదు. ఒక్కో కుట్టుకు ఒక పద్ధతి ఉంది. ఘుగ్రి, టోప్లి పెళ్లయిన మనిషి పెట్టుకునేవి. పెళ్లికాని పిల్ల పాత్రకు అవి పెట్టి ఆడిస్తే మన అవ్వలకు నవ్వాలో ఏడవాలో తెలియదు. తీసేవాళ్లకు ద్వేషం ఉందని మేం అనడం లేదు. అడగాలని కూడా వాళ్లకు తోచలేదు, అదీ మా బాధ.

మిగతా తెగల అనుభవం కూడా ఇలాంటిదే. సినిమా హాల్లో ఆడినవి కూడా చివరికి మన ఇంట్లోకి టీవీ ద్వారానే వస్తాయి కాబట్టి వాటినీ కలిపి చెబుతున్నాం. 1958లో వచ్చిన ‘చెంచులక్ష్మి’లో అంజలీదేవి, అక్కినేని నాగేశ్వరరావు నటించారు. అహోబిలం నరసింహస్వామి చెంచుల అల్లుడనే కథకు అంత అందమైన రూపం మరొకటి లేదు. అందులో చెంచు పిల్ల దేవుడితోనే సమానంగా మాట్లాడుతుంది. మనకు ఇష్టమైన సినిమానే. కానీ నల్లమలలో ఈనాడు బతుకుతున్న చెంచు ఆడబిడ్డ కథ సీరియల్ అయిందా?

ఎరుకలవాళ్ల సంగతి ఇంకా బరువైంది. పద్మావతీ కల్యాణం కథలో శ్రీనివాసుడే ఎరుకలసాని వేషం వేసి సోది చెప్పాడు. ఎరుక అంటే తెలివి, తెలుసుకోవడం. అదే తెగను నేరస్థ తెగల చట్టం కింద పుట్టుకతోనే దొంగలుగా ముద్ర వేశారు. ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. తెరమీద మాత్రం రద్దు కాలేదు. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ టీజర్ వచ్చినప్పుడు స్టువర్టుపురం పేరును, ఎరుకల జాతిని కించపరిచారని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్లారు. అరవై, డెబ్బై ఏళ్ల కింద పోయిన చట్టం మీద కాదు, ఒక టీజర్ మీద కోర్టుకు పోవలసి వచ్చింది.

ఇంకో మాట. ‘గిరిజనులు’ అని ఒకే ముద్దగా చూపిస్తారు. ఈకల టోపీ, పూసల దండ, అర్థం లేని అరుపు. మన సుగాలీలకు ఈ ప్రాంతంలో 1956 సవరణతో ఎస్టీ హోదా వచ్చింది. తెలంగాణ లంబాడీలకు 1976 చట్టంతో వచ్చింది. సరిహద్దు దాటి బళ్లారి వైపు ఇచ్చిన మన ఆడబిడ్డల పిల్లలు కర్ణాటకలో ఎస్సీలు. ఒకే వంశం, ఒకే భాష, రాష్ట్రానికో కాగితం. ఇందులో ఎంత కథ ఉంది! రాసేవాళ్లకు కావాలంటే మన నాయక్‌లు, కారబారీలు చెప్పడానికి సిద్ధంగా ఉన్నారు.

ఈ విషయంలో మా సంఘంలోనే ఏకాభిప్రాయం లేదు. ‘ఏదో ఒకలా కనబడనీ, అసలు లేకపోవడం కన్నా నయం’ అని మా అవ్వల మాట. ‘అట్లా కనబడడం కన్నా లేకపోవడమే మేలు’ అని కాలేజీ పిల్లల మాట. అవ్వలు జీవితమంతా ఎవరికీ కనబడకుండా బతికారు. పిల్లలు తప్పుగా కనబడిన దాని ఫలితం క్లాసులో అనుభవిస్తున్నారు. ఎవరి మాటనూ మేం కొట్టిపారేయలేం. అయితే రెండు పనుల మీద అందరం ఒప్పుకున్నాం.

మొదటిది, నచ్చనప్పుడు ఇంట్లో తిట్టుకొని ఊరుకోకుండా రాసి పంపడం. కేబుల్ టీవీ చట్టం కింద కార్యక్రమాలకు ఒక నియమావళి ఉంది. మతాలను, సమూహాలను కించపరచకూడదని అందులో ఉంది. 2021లో తెచ్చిన సవరణ నిబంధనల ప్రకారం ప్రేక్షకుడి ఫిర్యాదుకు చానెల్ 15 రోజుల్లో తీర్పు చెప్పాలి. ఏ చానెల్, ఏ తేదీ, ఏ సమయం, ఏ మాట అన్నవి స్పష్టంగా రాయాలి. కోపం తక్కువగా, వివరం ఎక్కువగా ఉండాలి. బాగున్నప్పుడు కూడా రాయాలి. మెచ్చుకోలు వస్తేనే రెండోసారి అలాంటి పాత్ర రాస్తారు.

రెండోది, మన పాటలు, మన మాటలు మనమే దాచుకోవడం. తీజ్‌లో గోధుమ మొలకల బుట్టల చుట్టూ పాడే పాటలు, పెళ్లిలో ఏడుస్తూ చెప్పే ఢావలో, సేవాలాల్ లడీలు ఇప్పటికీ అవ్వల నోట్లోనే ఉన్నాయి. ప్రతి తండాలో ఫోన్ ఉంది. పాడిన అవ్వ పేరు, తండా పేరు చెప్పించి, ఆమె ఒప్పుకుంటేనే రికార్డు చేయండి. గోర్ బోలీ మాటలను తెలుగు లిపిలో రాసి పెట్టండి. రేపు ఎవరైనా సీరియల్ రాసేవాళ్లు వచ్చి ‘మీ వాళ్లు ఎట్లా మాట్లాడతారు?’ అని అడిగితే చూపించడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉండాలి.

వచ్చే తీజ్‌కు ముందే ఈ పని మొదలుపెడదాం. ఒక్కో తండా నుంచి ఇద్దరు పిల్లల పేర్లు ఈ సభ ముగిసేలోగా సంఘం పెద్దలకు ఇవ్వండి.  జై సేవాలాల్, జై ఏకలవ్య.