ఆదికాండమును మన కొండలును

(శతవార్షికోత్సవముల సందర్భమున యువజన కూటములో చేసిన ప్రసంగ పాఠము)



సృష్టిని గూర్చియు, నోవహు కాలపు జలప్రళయమును గూర్చియు బైబిలు చెప్పునది సైన్సుతో పొసగునా అనునది మాకిచ్చిన అంశము. మేము శాస్త్రజ్ఞులము కాము. చాలా ఏండ్లు సండేస్కూలు నడిపిన ఉపాధ్యాయులము మాత్రమే. అయినను ఈ పని ఒప్పుకొనుటకు ఒక కారణమున్నది. అది చెప్పుకొనుటకు కొంచెము సిగ్గుగానే ఉన్నది.

ఒకప్పుడు మా తరగతిలో చురుకైన కుర్రవాడొకడు ఉండేవాడు. సూర్యుని నాలుగవ దినమున చేసినట్లయితే మొదటి మూడు దినములకు ఉదయము, సాయంకాలము ఎట్లు వచ్చినవని అడిగినాడు. మాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పక, అది సాతాను పుట్టించిన ప్రశ్న అని గద్దించి కూర్చుండబెట్టినాము. వాడు తరువాత విశాఖపట్నములో భూగర్భశాస్త్రము చదివినాడు. ఇప్పుడు క్రిస్మసు నాడు తల్లి కోసము గుడికి వచ్చును, వెనుక బల్ల మీద కూర్చుండును, ప్రసంగము మొదలుకాకముందే లేచిపోవును. చదువు వానిని చెడగొట్టినదని చాలా కాలము చెప్పుకొన్నాము. వానిని పోగొట్టినది కళాశాల కాదు, మేమే.

ఆ ప్రశ్న సాతానుది కాదని మాకు ఆలస్యముగా తెలిసినది. పదహారు వందల ఏండ్ల క్రిందటనే అగస్టీను భక్తుడు ఇదే ప్రశ్న వేసికొని, ఆ దినములు మనమెరిగిన దినముల వంటివి కావని వ్రాసినాడు. నక్షత్రములను గూర్చి, జంతువులను గూర్చి తనకు తెలియని సంగతులు క్రైస్తవుడు లేఖనము పేరిట పలికితే, తెలిసిన అన్యులు నవ్వుదురనియు, తరువాత పునరుత్థానమును గూర్చి మనము చెప్పినది కూడ నమ్మరనియు హెచ్చరించినాడు. డార్విను పుట్టుటకు పదునాలుగు వందల ఏండ్ల ముందటి మాట ఇది.

భూమి వయస్సు ఆరువేల ఏండ్లు అని మనలో చాలమంది నమ్ముదురు. ఆ లెక్క బైబిలులో ఎక్కడను లేదు. ఐర్లండు ఆర్చిబిషప్పు జేమ్సు అషరు 1650లో వంశావళులను కూడి, సృష్టి క్రీ.పూ. 4004లో జరిగినదని తేల్చినాడు. తరువాత ఇంగ్లీషు బైబిళ్ళ అంచులలో దానిని అచ్చువేసిరి. అంచున ఉన్నది కాలక్రమమున వాక్యముతో సమానమై కూర్చున్నది.

ఇక మన కొండల సంగతి. సింహాచలము మొదలుకొని విజయనగరము జిల్లాలోని చాలా కొండలు ఖోండలైటు అను రాతితో ఏర్పడినవి. తూర్పు కనుమలలోని ఖోండు గిరిజనుల పేరు మీద వాకర్ అను శాస్త్రజ్ఞుడు 1902లో ఆ పేరు పెట్టినాడు. ఆ రాయి ఒకప్పుడు నీటి అడుగున పేరుకొన్న బురద, ఇసుక. “చూచితిరా, నోవహు నాటి బురద!” అని బోధించినవారున్నారు. మేమును బోధించినాము. కాని ఆ రాతిని పగులగొట్టి చూడండి. లోపల ఎర్రని గార్నెట్ గింజలుండును. బురదలో గార్నెట్ పుట్టదు. ఆ బురద భూమిలోపల ఇరవై కిలోమీటర్లకు మించిన లోతుకు దిగి, కొలిమిలో ఇనుము కాగినట్లు కాగి, మరల మెల్లగా పైకి లేచి, పైనున్న బరువంతయు వానకు గాలికి అరిగిపోయిన తరువాతనే మనకు కొండగా కనబడినది. ఒక సంవత్సరపు వరదలో జరుగు పని కాదు.

ఎంత కాలము పట్టినదో చెప్పు గడియారము కూడ మన జిల్లాలోనే ఉన్నది. వంశధార సముద్రములో కలియు కళింగపట్నము దరిని ఇసుకలో నల్లని, ఎర్రని చారలు చూచియే ఉందురు. ఆ గింజలు ఈ కొండలు అరిగి ఏటిలో కొట్టుకొని వచ్చినవే. వానిలో ఇల్మనైటు, గార్నెట్‌లతో పాటు మోనజైటు, జిర్కాను అనునవి కలవు. ఈ రెంటిలో యురేనియము కొద్దిగా ఉండును. యురేనియము తనంతట తాను నిలకడగా సీసముగా మారుచుండును. దానిలో ప్రధానమైన రకము సగమగుటకు 447 కోట్ల ఏండ్లు పట్టును. గింజలో సీసమెంత, మిగిలిన యురేనియమెంత అని కొలిచితే గింజ వయస్సు తెలియును. తూర్పు కనుమల రాళ్ళు ఆ విధముగా సుమారు నూరు కోట్ల ఏండ్ల నాటి కాకను చూపుచున్నవి. భూమి వయస్సు సుమారు 454 కోట్ల ఏండ్లు. ఈ ఇసుక అబద్ధమాడుటకు దానికి కారణమేమియు లేదు. దానిని చేసినవాడు మోసగాడని చెప్పుటకు మాకు నోరు రాదు.

ఈ సంగతి ఒప్పుకొన్నవారిలో మొదటివారు నాస్తికులని తలంచకండి. కేంబ్రిడ్జి ఆచార్యుడు ఆడమ్ సెడ్జివిక్ అభిషిక్త గురువు. ఇంగ్లండులోని కంకర దిబ్బలన్నియు నోవహు వరద తెచ్చినవని నమ్మి బోధించినవాడు. 1831లో లండను భూగర్భశాస్త్ర సంఘపు అధ్యక్ష పీఠము నుండి, తాను పొరబడితినని బహిరంగముగా చెప్పి ఆ బోధను ఉపసంహరించుకొన్నాడు. విశ్వాసమును మాత్రము విడువలేదు. మనలో ఎందరు అధ్యక్షులు పీఠము నుండి అట్లు చెప్పగలరు? ఈ మాట నవ్వుటకు అన్నాము, ఇచ్చటి అధ్యక్షులవారు క్షమింతురు గాక.

రెంటిని అతికించి చూపువారును ఉన్నారు. ఒక దినమనగా ఒక యుగమని కొందరందురు. వినుటకు బాగున్నది గాని, ఆదికాండములో ఫలవృక్షములు చేపలకు ముందు, పక్షులు నేల మీది జంతువులకు ముందు వచ్చును. రాళ్ళలోని క్రమము దీనికి విరుద్ధము. ఇంకొందరు నోవహు వరద ఒక దేశములో మాత్రమే వచ్చినదందురు. దీనిలో కొంత బలమున్నది. భూమి అని మనము చదువు హెబ్రీ మాటకు దేశము, నేల అను అర్థములు కూడ కలవు. మనకు రెండెకరముల భూమి ఉన్నదంటే భూగోళమని ఎవ్వరును అనుకొనరు గదా. అయినను ఆకాశము క్రింది ఎత్తైన కొండలన్నియు మునిగినవని చెప్పు వచనము దగ్గర ఈ వాదమునకు కాలు తడబడును. ఇక ఓడ మూడు వందల మూరల పొడవని ఏనుగుల లెక్క వేయువారు, చితిసారకపు మ్రాను అనగా ఏ చెట్టో ముందు చూపవలెను. పండితులకే తెలియదు.

మరి వరద కథ ఎక్కడిది? 1872లో జార్జి స్మిత్ అను ఉద్యోగి లండను బ్రిటిషు మ్యూజియములో మట్టి పలకలు చదువుచుండగా, ఓడ కట్టినవాడు, కొండ మీద నిలిచిన ఓడ, బయటికి వదలిన పావురము అన్నియు బబులోను కథలో కనబడినవి. 1929లో లియొనార్డు వూలీ, అబ్రాహాము ఊరైన ఊరులో త్రవ్వి, ఎనిమిది అడుగులకు మించిన శుభ్రమైన ఒండ్రు పొరను చూచి నోవహు వరద దొరికినదని ప్రకటించినాడు. కాని ఆ దేశపు ఇతర పట్టణములలోని ఒండ్రు పొరలు వేర్వేరు కాలములవని తరువాత తేలినది. రెండు పెద్ద నదుల నడుమ బ్రదికినవారికి వరద జ్ఞాపకముండుట వింతయా? నాగావళి, వంశధారల నడుమ ఉన్న మనమడుగవలసిన ప్రశ్న కాదు. శ్రీకూర్మము దారిన నడచు మన పొరుగువారికిని మనువు, చేప, ఓడల కథ ఉన్నది.

కథ ఒకటే అయినను చెప్పిన తీరు వేరు. బబులోనువారి పాత కథలో మనుష్యుల గోల వలన నిద్రపట్టక దేవతలు వరద పంపుదురు. ఆదికాండములో మనుష్యులు ఒకరినొకరు హింసించుట చూచి దేవుని హృదయము నొచ్చును. ఆ హృదయమును గూర్చి రాయి ఏమియు చెప్పజాలదు. రాయి వయస్సును గూర్చి ఆదికాండము చెప్పబూనలేదు. మేము గ్రహించినది ఇంతే.

ఇది పండితుల తగవు, మన కెందుకని అనువారికి ఒక సంగతి చెప్పుదుము. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటినది. ఉద్దానములో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగినవి. వంశధార పొంగినది. మేము కొందరము బియ్యము, దుప్పట్లు తీసికొని పోయినాము. మాతో వచ్చిన బోధకుడొకరు దుప్పట్లు పంచుటకు ముందు నిలువబడి, నోవహు దినములను గూర్చి చెప్పి, ఇదియు అట్టి తీర్పే అన్నారు. ముందు వరుసలోని ముసలమ్మ ఒకామె లేచి, “మావేటి పాపం సేసినాం బాబూ? పోనీ మావు సేసినాం, కొబ్బరి సెట్టేటి పాపం సేసింది?” అని అడిగినది. ఎవ్వరమును మాటలాడలేకపోయినాము. మా ఆరవ తరగతి కుర్రవాడే ఆమె రూపములో మరల లేచి నిలువబడినట్లు మాకు తోచినది.

ఆ రాత్రి తిరిగివచ్చి ఆదికాండము ఎనిమిది, తొమ్మిది అధ్యాయములు చదువుకొన్నాము. మనుష్యుల నిమిత్తము నేలను మరల శపింపనని, విత్తు కాలము కోత కాలము తప్పిపోవని, మరల జలముల చేత సమస్త ప్రాణులను నాశనము చేయనని దేవుడు మాట ఇచ్చినాడు గదా! ఆ మాట ఇచ్చిన కథను పట్టుకొని, కూలిన చెట్టు దగ్గర నిలిచిన ముసలమ్మను తీర్పు తీర్చితిమి. సిలోయము గోపురము పడి చచ్చిన పదునెనిమిది మంది తక్కినవారి కంటె పాపులు కారని ప్రభువు స్పష్టముగా చెప్పినది కూడ మరచితిమి. తుపాను బంగాళాఖాతపు వేడి నీటి మీద పుట్టినదని పిల్లలకు పాఠశాలలో చెప్పుదురు. ఆ పాఠము ముసలమ్మకు మా ప్రసంగము కంటె దయగలది.

మరుసటి వారము మరల పోయి ఆమెతో ఆ అధ్యాయములు చదివినాము. ఆమె విని, “అయితే మొక్కలు తెండి” అన్నది. కొబ్బరి మొక్కలు తీసికొని పోయినాము.

సండేస్కూలు ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈ ఏడు నోవహు పాఠము వచ్చినప్పుడు వీలైన సంఘములవారు పిల్లలను కళింగపట్నము తీరమునకు తీసికొని పొండి. ఒక అయస్కాంతము వెంట ఉంచండి. నల్లని గింజలు దానికి అంటుకొనుట పిల్లలు చూడగా, ఎర్ర గింజ ఏ కొండ నుండి వచ్చినదో చెప్పండి. ఆ ఇసుక మీదనే కూర్చుండి తొమ్మిదవ అధ్యాయము చదివించండి. పిల్లలు ఏ ప్రశ్న వేసినను కూర్చుండబెట్టకండి. తెలియకపోతే తెలియదని చెప్పి, ప్రశ్నను పుస్తకములో వ్రాసికొనండి. వెనుక బల్ల మీద కూర్చుండు ఆ కుర్రవానికి మేము ఉత్తరము వ్రాసినాము. తీరమునకు మాతో వచ్చి, పిల్లలకు ఆ గింజల సంగతి తానే చెప్పవలెనని అడిగినాము. జవాబు ఇంకను రాలేదు.