యోహాను సువార్తలో దాహం



సువార్తల్లోని అలంకారాలను మనం పొడుపుకథల్లా విప్పేస్తాం. గొర్రెలంటే విశ్వాసులు, తీగెలంటే శిష్యులు, నీళ్ళంటే ఆత్మ. విప్పగానే ఆ బొమ్మతో పని తీరిపోయిందనుకుంటాం. నా అభ్యంతరం అక్కడే.

ఈ అలవాటు పాతది. మంచి సమరయుడి కథలో దెబ్బలు తిన్నవాడు ఆదామనీ, పూటకూళ్ల ఇల్లు సంఘమనీ, దాని యజమాని పౌలనీ అగస్టీను వ్యాఖ్యానించాడు. 19వ శతాబ్ది చివర జర్మన్ పండితుడు అడాల్ఫ్ యూలిషర్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. ఉపమానానికి కీలకమైన పోలిక ఒక్కటే, ప్రతి వివరానికీ మరో అర్థం వెతకొద్దన్నాడు. మేలైన మాటే. కాని ఆయన చేతిలో కథ నీతివాక్యంగా కుదించుకుపోయింది. 1983లో ఆలన్ కల్పెపర్ నాలుగో సువార్తను కథనంగా చదివి, అందులోని అపార్థాలూ ప్రతీకలూ రచయిత పాఠకుడితో లోపాయికారీగా మాట్లాడే పద్ధతులని చూపాడు. నేను నడిచేది ఆ దారినే.

యోహాను సువార్త నాలుగో అధ్యాయం చూడండి. మిట్టమధ్యాహ్నం యేసు ప్రయాణపు బడలికతో యాకోబు బావి దగ్గర కూర్చున్నాడు. సమరయ స్త్రీని నీళ్ళడిగాడు. అంతలోనే తానే జీవజలమిస్తానన్నాడు. ఆమెకు తోచింది చేద సంగతి: బావి లోతు, ఈయన దగ్గర చేదుకునేందుకేమీ లేదు. ఆమెను తెలివితక్కువదిగా చూపే ప్రసంగాలు విన్నాను. అది అన్యాయం. మళ్ళీ తల్లి గర్భంలోకి ఎలా వెళ్తామని అడిగిన నీకొదేమును ఎవరూ అంతగా చులకన చేయరు. పైగా అతని మాట మధ్యలోనే ఆగిపోయింది, ఆమె అడుగుతూనే పోయింది. ఆమె వాచ్యార్థాన్ని గట్టిగా పట్టుకోకపోతే అక్కడ ధ్వని, అంటే మాట సూచించే మరో అర్థం, పుట్టేదే కాదు.

సంస్కృత ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వనిని రెండుగా విభజించాడు. ఒకదానిలో వాచ్యార్థం వివక్షితం కాదు. రెండోదానిలో వివక్షితమే, అయినా మరో అర్థానికి దారితీస్తుంది. జీవజలమన్న మాట మొదటి కోవది. దాని చుట్టూ ఉన్న సన్నివేశం రెండో కోవది. అలసట నిజం, దాహం నిజం, ఆమె వదిలి వెళ్ళిన కుండ నిజం. ఆ కుండకు యోహాను ఏ అర్థమూ చెప్పలేదు.

ఏడో అధ్యాయంలో జీవజలమంటే ఆత్మ అని ఆయనే విప్పి చెప్పాడు కదా అనవచ్చు. చెప్పాడు. అయినా నీళ్ళను వదల్లేదు. పంతొమ్మిదో అధ్యాయంలో, జీవజలమిస్తానన్నవాడే సిలువ మీద దాహమన్నాడు. నోటికందింది చిరక. తర్వాత ప్రక్కలో ఈటె దిగితే రక్తమూ నీళ్ళూ కారాయి. నీళ్ళంటే ఆత్మేనని తేల్చేసుకున్న పాఠకుడికి ఈ దాహం వట్టి శారీరక బాధగానే మిగులుతుంది. బావి దగ్గరి దాహాన్ని దాహంగా చదివినవాడికి మాత్రం ఇచ్చేవాడూ అడిగేవాడూ మొదటినుంచీ ఒకరేనని తెలుస్తుంది. ఆయన బావి దగ్గర కూర్చున్నదీ, పిలాతు ఆయనను జనం ముందు నిలబెట్టిందీ ఇంచుమించు ఆరో గంటకేనని (అంటే మిట్టమధ్యాహ్నానికేనని) గ్రీకు మూలం చెబుతోంది. నాలుగో అధ్యాయాన్నీ పంతొమ్మిదో అధ్యాయాన్నీ వేర్వేరు ఆదివారాలకు పంచకుండా ఒక్క ప్రసంగంలో కలిపి చదవమని ఇక్కడున్న బోధకులను కోరుతున్నాను.