కేసు పెట్టారంటే ఏం చేయాలి? మన అక్కలు అడిగిన ప్రశ్నలు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో సామాజిక కార్యాచరణ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏడాదీ ఈ సభలో మా ఉపసంఘం తరఫున ఎన్ని తగాదాలు వచ్చాయి, ఎన్ని పరిష్కరించాం అని లెక్క చదువుతాం. ఆ లెక్క ఈ నివేదికలో వేరే పేజీలో ఉంది, చూసుకోండి. ఈసారి మాకిచ్చిన సమయమంతా ఒక్క విషయానికే వాడుకుంటాం. మనలో ఎవరి మీదైనా పోలీసు కేసు పడితే ఏం చేయాలి? ఇది ఎందుకు ఎత్తుకున్నామో ముందు చెప్పాలి. అందులో మా తప్పు కూడా ఉంది.

మన సమాఖ్యలో ఒక సంఘం. ఊరు పేరు, మనిషి పేరు చెప్పం. ఆ అక్క పదేళ్లు రెండో లీడరుగా చేసింది. సంతకం పెట్టడం వరకే వచ్చు, చదవడం సరిగా రాదు. సభ్యులు కట్టిన వాయిదాల డబ్బు పుస్తకాలు రాసే మనిషి బ్యాంకుకు పట్టుకెళ్లేది. పుస్తకంలో జమ అయినట్టు ఉంది, బ్యాంకులో జమ కాలేదు. బ్యాంకు నుంచి బాకీ నోటీసు వచ్చాక సభ్యులు స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు ఇచ్చారు. పుస్తకాలు రాసిన మనిషితో పాటు ఇద్దరు లీడర్ల మీదా నమ్మకద్రోహం, మోసం కింద కేసు కట్టారు.

ఒకరోజు రాత్రి ఏడు గంటలకు "ఒకసారి స్టేషన్‌కు రామ్మా" అని ఫోన్ వచ్చింది. భర్తను వెంటబెట్టుకుని వెళ్లింది. పది దాకా కూర్చోబెట్టారు. ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అందులో ఏం రాసి ఉందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. "నీ పేరు తీయిస్తా" అని ఒక మధ్యవర్తి పదిహేను వేలు తీసుకున్నాడు. కమ్మలు కుదువ పెట్టి ఇచ్చింది. పేరు పోలేదు. కోర్టు వాయిదాలకు భయపడి రెండుసార్లు వెళ్లలేదు, వారెంటు వచ్చింది.

ఆ ఏడాదంతా మనం ఏం చేశాం? మీటింగుకు వస్తే ఆమె పక్కన కూర్చున్నవాళ్లు లేరు. మేము కూడా "కోర్టు సంగతి మనకెందుకు, మన పేరూ అందులో పడుద్ది" అనుకున్నాం. ఆమె ఇంటి గడప తొక్కలేదు. వారెంటు వచ్చిన రోజు ఆమె కూతురు ఏడుస్తూ సమాఖ్య ఆఫీసుకు వస్తే అప్పుడు కదిలాం. కోర్టు ఆవరణలో ఉన్న మండల న్యాయసేవల కమిటీకి తీసుకెళ్లాం. రూపాయి ఖర్చు లేకుండా వకీలును పెట్టారు, వారెంటు రద్దయింది. ఆ పని చేసింది మనం కట్టుకున్న పన్నుతో నడిచే ఆఫీసే. ఏడాది ముందే వెళ్లి ఉంటే కమ్మలు మిగిలేవి.

తర్వాత గ్రామ సంఘాల మీటింగుల్లో ఈ మాట ఎత్తితే ప్రశ్నలు వరసగా వచ్చాయి. వకీళ్లను అడిగి తెలుసుకున్న జవాబులు మీ ముందు పెడుతున్నాం. 2024 జూలై 1 నుంచి పాత చట్టాల స్థానంలో కొత్తవి వచ్చాయి. ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాయి. నంబర్లు మారాయి గాని మనకున్న రక్షణలు పోలేదు.

"కేసు కట్టారంటే నేరం చేసినట్టేనా?"

కాదు. ఎఫ్‌ఐఆర్ అంటే ఫలానా ఫిర్యాదు అందింది, విచారణ మొదలైంది అని రాసుకున్న మొదటి కాగితం. పోలీసులు విచారించి చార్జిషీటు వేయాలి, కోర్టులో సాక్ష్యం రుజువు కావాలి, జడ్జి తీర్పు చెప్పాలి. అప్పటి దాకా ఆ మనిషి నిర్దోషే. ఈ మాట ముందు మనం మన మీటింగుల్లో పాటించాలి.

"నా మీద ఏం రాశారో నాకెలా తెలుస్తుంది?"

ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. నిందితులు కూడా దరఖాస్తు పెట్టి నకలు తీసుకోవచ్చు. ఎఫ్‌ఐఆర్ కట్టిన 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆడవాళ్ల మీద లైంగిక నేరాల వంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఉంది. మన పిల్లల ఫోన్‌లోనే చూసుకోవచ్చు. చార్జిషీటు వేశాక దాని నకళ్లు, సాక్షుల వాంగ్మూలాలు కోర్టు నుంచి ఉచితంగా వస్తాయి. వాటికి ఎవరికీ డబ్బు ఇవ్వనక్కర్లేదు.

"ఫోన్ చేసి రమ్మంటే వెళ్లాలా?"

ఇక్కడ రెండు సంగతులు వేరు చేసుకోవాలి. మనం సాక్షులమైతే, అంటే సంగతి తెలిసినవాళ్లుగా మాత్రమే అడగాలంటే, ఆడవాళ్లను స్టేషన్‌కు రప్పించకూడదు. పోలీసులే ఇంటికి వచ్చి అడగాలి. కొత్త చట్టంలో ఇది 179వ సెక్షన్. అరవై దాటిన పెద్దవాళ్లకు, వికలాంగులకు కూడా ఇది వర్తిస్తుంది.

మన పేరు కేసులో ఉంటే 35వ సెక్షన్ కింద రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. వాట్సాప్‌లో పంపితే చాలదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం చేతికి వచ్చాక మాత్రం తప్పకుండా వెళ్లాలి. వెళ్లకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది. పగటి పూట, ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లండి. నోటీసు ఫోటో తీసి ఇంట్లో ఒకరికి, సంఘంలో ఒకరికి పంపండి.

"అయితే అరెస్టు చేయరా?"

ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో, అంటే మన అక్క మీద పెట్టినలాంటి వాటిలో, ఎఫ్‌ఐఆర్‌లో పేరుంది కదా అని అరెస్టు చేయడానికి లేదు. ఎందుకు అవసరమో పోలీసులు కారణం రాయాలి. 2014లో అర్ణేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగా చెప్పింది.

అరెస్టు చేయాల్సే వస్తే ఆడవాళ్లకు కొన్ని హక్కులున్నాయి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు. తప్పనిసరి పరిస్థితి ఉంటే మహిళా పోలీసు అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకుని చేయాలి. ఒంటి మీద సోదా ఆడ పోలీసులే, మర్యాదగా చేయాలి. ఎందుకు అరెస్టు చేస్తున్నారో చెప్పాలి. అరెస్టు కాగితం మీద ఇంటి మనిషో ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. మనం చెప్పినవాళ్లకు కబురు పంపాలి. దారి ప్రయాణం పోను 24 గంటల లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి, ఆదివారమైనా పండగైనా. అక్కడ జడ్జి గారు "ఏమన్నా చెప్పుకోవాలా" అని అడిగితే కొట్టినా, రాత్రి ఉంచినా భయపడకుండా చెప్పండి. ఆ నోరు అక్కడే విప్పాలి.

ఇంకొక అక్క అడిగింది: "నేను దొరక్కపోతే మా ఆయన్ని, మా పిల్లాణ్ని కూర్చోబెడతారంట కదా?" ఒకరి బదులు ఇంకొకరిని పట్టుకుని కూర్చోబెట్టే అధికారం ఏ చట్టంలోనూ లేదు. అలా జరిగితే వెంటనే న్యాయసేవల కమిటీకి చెప్పండి.

"అడిగినదానికల్లా జవాబు చెప్పాలా? సంతకం పెట్టమంటే పెట్టాలా?"

పేరు, ఊరు, చిరునామా నిజంగా చెప్పండి. మన మీదకే నేరం తెచ్చే మాట చెప్పమని ఎవరూ బలవంతపెట్టడానికి లేదు. రాజ్యాంగం 20వ అధికరణం ఇచ్చిన హక్కు అది. విచారణ సమయంలో వకీలును కలుసుకునే హక్కు కూడా ఉంది. పోలీసుల ముందు "నేనే చేశాను" అన్న మాటను కోర్టులో మన మీద సాక్ష్యంగా వాడకూడదు. పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద మన సంతకం అక్కర్లేదు. నోటీసు అందిందనో, అరెస్టు కాగితం మీదనో పెట్టే సంతకం వేరు. అది కూడా చదివించుకుని, తేదీ వేసి పెట్టండి. తెల్ల కాగితం మీద మాత్రం ఎవరడిగినా పెట్టొద్దు.

"వకీలుకు డబ్బు ఎక్కడి నుంచి తేవాలి?"

ఈ ఒక్క జవాబు గుర్తున్నా మా ప్రసంగం ఫలించినట్టే. 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లందరికీ ఉచితంగా వకీలును ఇవ్వాలి. ఆదాయం ఎంతైనా సరే, తెల్ల కార్డు ఉన్నా లేకపోయినా సరే. ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు కూడా ఇస్తారు. ఫోన్ నంబరు 15100. కోర్టు ఆవరణలోనే కమిటీ ఆఫీసు ఉంటుంది, తెల్ల కాగితం మీద అర్జీ రాసిస్తే చాలు. సొంతంగా వకీలును పెట్టుకుంటే వకాలత్ మీద సంతకం చేసే ముందు అందులో మన పేరు, కేసు నంబరు ఉన్నాయో లేదో చూసుకోండి. "ఎస్సై నా మనిషి, జడ్జి నా చుట్టం" అనేవాళ్లకు మాత్రం దణ్ణం పెట్టి పంపించండి.

"బెయిల్ అంటే ఏంటి? జామీను ఇస్తే మా ఇల్లు పోద్దా?"

కొన్ని కేసుల్లో బెయిల్ మన హక్కు, స్టేషన్‌లోనే ఇవ్వాలి. పూచీకత్తు ఇచ్చే స్తోమత లేక వారం గడిస్తే సొంత బాండు మీదే వదలాలని చట్టంలో ఉంది. మిగతా కేసుల్లో కోర్టు ఇస్తుంది. ఆడవాళ్లు, జబ్బుతో ఉన్నవాళ్ల విషయంలో కోర్టు మరింత దయగా చూడొచ్చని చట్టమే చెప్పింది. అరెస్టు చేస్తారన్న భయముంటే ముందస్తు బెయిల్ అడగొచ్చు. మన మనిషికి జామీను ఉంటే, ఆ మనిషి వాయిదాలకు వచ్చినంత కాలం మనకు ఇబ్బంది లేదు. పారిపోతే బాండులో రాసిన మొత్తం కట్టాల్సి రావచ్చు. అందుకని తెలిసిన మనిషికే ఉండండి.

"వాయిదాకు వెళ్లకపోతే ఏమవుద్ది?"

మన అక్కకు అయినట్టే అవుద్ది. ఒంట్లో బాగాలేకపోతే, ఇంట్లో చావు జరిగితే, ముందే వకీలుకు చెబితే ఆ రోజుకు మినహాయింపు పిటిషను వేస్తారు. చెప్పకుండా మానేస్తే వారెంటు వస్తుంది. వచ్చినా దాక్కోవద్దు. వకీలుతో వెళ్లి మనంతట మనమే హాజరైతే రద్దు చేయించుకోవడం తేలిక.

ఇంకొక మాట. "తప్పు ఒప్పేసుకో, ఫైన్ కట్టేస్తే అయిపోద్ది" అని కోర్టు వరండాలో సలహాలు వస్తాయి. ఒప్పుకుంటే శిక్ష పడిన మనిషిగా రికార్డులో ఉంటాం. చేయని తప్పును త్వరగా ఇంటికి పోవచ్చని ఒప్పుకోవద్దు. రాజీ పడదగిన కేసైతే అది కూడా కోర్టులోనే రాయించుకోవాలి. పెద్దమనుషుల దగ్గర కాగితం రాసుకుంటే కేసు దానంతటది పోదు.

"లోన్ కట్టలేకపోతే జైల్లో పెడతారా?"

ఇది దాదాపు ప్రతి ఊళ్లోనూ అడిగారు. అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు. అది వసూలు దావా సంగతి. మైక్రోఫైనాన్స్ వాళ్లు పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత వసూలుకు రాకూడదని 2022లో రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. కానీ రెండు చోట్ల జాగ్రత్త. ఒకటి, సభ్యులు బ్యాంకులో కట్టమని ఇచ్చిన డబ్బు మనం వాడుకుంటే అది అప్పు కాదు, నమ్మకద్రోహం. రెండోది చెక్కు. ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఇస్తే, అది బౌన్స్ అయితే, 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసే. నోటీసు చేతికి వచ్చిన 15 రోజుల్లో డబ్బు కడితే కేసు ఉండదు. అందుకే అలాంటి కవరు వస్తే తీసుకోకుండా తిప్పి పంపొద్దు.

అక్కల్లారా, మేము ఉపసంఘంలో కూర్చుని నాలుగు పనులు అనుకున్నాం. సభ ఒప్పుకుంటే ఈరోజే తీర్మానం చేద్దాం. మొదటిది, ప్రతి గ్రామ సంఘం గోడ మీద 15100 పెద్ద అక్షరాలతో రాయించాలి. రెండోది, బ్యాంకులో జమ చేసిన రసీదు, పాస్‌బుక్ పేజీ ప్రతి మీటింగులో అందరి ముందూ చదవాలి, ఫోటో తీసి దాచాలి. మన అక్క దగ్గర అలాంటి కాగితం ఒక్కటుంటే ఆమె తరఫున అదే మాట్లాడేది. మూడోది, చదవకుండా ఏ లీడరూ సంతకం పెట్టకూడదు, చదవడం రానివాళ్లకు చదివి వినిపించే మనిషి ఉండాలి. నాలుగోది, ఎవరి మీద కేసు పడినా మర్నాడే ఇద్దరు ఆ ఇంటికి వెళ్లాలి. తప్పు చేసిందా లేదా తేల్చడానికి కాదు. అది కోర్టు పని. ఉచిత వకీలు దగ్గరకు తోడు వెళ్లడానికి.

నష్టపోయిన సభ్యుల మాట కూడా మేము మరిచిపోలేదు. వాళ్లదీ చెమటోడ్చిన డబ్బే. వాళ్లు ఫిర్యాదు ఇవ్వడం తప్పు కాదు. డబ్బు ఎక్కడ పోయిందో తేలాల్సిందే. అది సరిగ్గా తేలాలంటే అటూ ఇటూ ఇద్దరి మాటా కోర్టు వినాలి, వినిపించే వకీలు ఇద్దరికీ ఉండాలి.

ఆ అక్క కేసు ఇంకా నడుస్తోంది. ఏమవుద్దో మేము చెప్పలేం. పోయిన వాయిదాకు మనవాళ్లు ఆరుగురు వెళ్లారు, ఫిర్యాదు చేసిన సంఘం నుంచి కూడా ఒకామె వచ్చి వరండాలో ఆమె పక్కనే కూర్చుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకోలేదు. మధ్యాహ్నం ఒకే డబ్బాలో అన్నం తిన్నారు. వచ్చే వాయిదా తేదీ సమాఖ్య ఆఫీసు బోర్డు మీద రాసి పెట్టాం. వీలున్నవాళ్లు పొద్దున ఎనిమిది గంటల బస్సుకు రండి.