తలకు దెబ్బ, శవపరీక్ష, చిల్లంగి అనుమానం
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

థింసా ఆటకు ముందు శవపరీక్షలు చేసే డాక్టరు మాటలేమిటని విసుక్కోకండి. కాసేపే చెబుతాను.

మన మన్యంలో తలకు దెబ్బ తగిలే దారులు మీకు తెలిసినవే. చింతకాయ దులపడానికి చెట్టెక్కుతాం, కల్లుకు జీలుగు చెట్టెక్కుతాం. ఇప్పుడు ఘాట్ రోడ్డు మీద ఒక్క బండికి ముగ్గురు. హెల్మెట్ మాత్రం ఇంట్లో మేకుకు వేలాడుతుంటుంది. 2022లో మన దేశంలో హెల్మెట్ లేక రోడ్ల మీద పోయినవాళ్లు 50,029 మంది. ఇది పోలీసు రికార్డుకెక్కిన లెక్క. చెట్టు మీంచి పడి, ఇంట్లోనే పోయి, తెల్లారేసరికి పూడ్చేసిన మనవాళ్లలో చాలామంది ఏ లెక్కలోకీ ఎక్కరు.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. కణత దగ్గర ఎముక పలుచన. దాని లోపలి వైపు ఒక రక్తనాళం ఉంటుంది. ఎముక విరిగి అది తెగితే నెత్తురు ఎముకకూ మెదడు పొరకూ మధ్య చేరుతుంది. పడ్డ మనిషి లేస్తాడు, నీళ్లు తాగుతాడు, నడిచి ఇంటికొస్తాడు. కొన్ని గంటలు బాగానే ఉంటాడు. తర్వాత తలనొప్పి, వాంతులు, మత్తు. గురక పెడుతుంటే మంచి నిద్ర అనుకుంటాం, లేకపోతే కల్లు మత్తు అనుకుంటాం. తెల్లారేసరికి మనిషి ఉండడు. సాయంత్రం మాట్లాడినవాడు రాత్రికి రాత్రే ఎలా పోయాడు? చిల్లంగి పెట్టారు అంటారు. అనుమానం ఏ ముసలమ్మ మీదకో, పొలం గట్టు తగాదా ఉన్నవాడి మీదకో పోతుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు.

పుర్రె తెరిచి చూస్తే ఆ నెత్తురు గడ్డ కనిపిస్తుంది. ఇంకొకటి కూడా తెలుస్తుంది. వెనక్కి పడి తల నేలకు కొట్టుకుంటే మెదడు ఎక్కువగా ఎదుటివైపు, అంటే నుదుటివైపు కములుతుంది. నిలబడ్డవాణ్ణి కర్రతో కొడితే ఎక్కువగా దెబ్బ కిందనే కములుతుంది. ఒక్క గుర్తుతోనే తేల్చం, పై గాయాలు, పడ్డ చోటు అన్నీ చూస్తాం. పడ్డాడా, కొట్టారా అన్నది చాలాసార్లు అక్కడే తేలుతుంది. తప్పు లేనివాడు బతికిపోతాడు, కొట్టినవాడు తప్పించుకోలేడు.

శవాన్ని కోయనివ్వం అనే మాట నాకు తెలుసు, మా ఇంట్లోనూ అన్నారు. కోత జుట్టులో, ఒక చెవి వెనక నుంచి రెండో చెవి వెనకకు వేస్తాం. మళ్లీ కుట్టేస్తాం, ముఖం మారదు. పూడ్చాక తవ్వి తీయాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. గుద్ది పారిపోయిన బండి కేసులో చనిపోయినవారి ఇంటికి 2 లక్షల పరిహారం ఉంది, ఆ కాగితాల్లోనూ మా రిపోర్టు అడుగుతారు.

తలకు దెబ్బ తగిలినవాణ్ణి ఆ రాత్రి ఒంటరిగా పడుకోనివ్వద్దు. మధ్య మధ్య లేపి పేరు అడగండి. వాంతులైనా, మాట తడబడినా, ఒక కంటిపాప పెద్దదైనా వెంటనే 108కి చెప్పండి, బండి వచ్చే రోడ్డుదాకా డోలీ కట్టండి. మోసేటప్పుడు మెడ మెలిపడకుండా ఒకరు తల పట్టుకోవాలి. వాంతి వస్తే తల ఒక్కటే తిప్పకుండా మనిషినంతా ఒకేసారి పక్కకు ఒత్తిగిలించండి.

భోజనాల దగ్గర ఉంటాను. అడగాలనుకున్నవి మన భాషలోనే అడగండి.